ఆంగ్లప్రయోగ సందేహములు: లక్ష్యలక్షణ విమర్శము

ఆంగ్లభాషను జదువువారికిని బోధించువారికిని మాటిమాటికిఁ గలుగు సందేహములు కొన్ని గలవు. వాక్యాంతమున ప్రిపోజిషను నిలుపవచ్చునా? ‘టు’ అను పదమునకును క్రియకును నడుమ మఱియొక పదమును జొప్పింపవచ్చునా? ‘దట్’ అనవలసినచోట ‘విచ్’ అనుట తప్పగునా? ఒక్క మనుష్యునిఁ గూర్చి ‘దే’ యనుట సాధువా? పదముల వరుసలోఁ గడపటి ‘అండ్’ అను మాటకు ముందు కామా యుంచవలయునా? ఈ ప్రశ్నలకు సమాధానములు చెప్పు గ్రంథములు ఆంగ్లమునఁ బెక్కులు పుట్టినవి, ఇంకను బుట్టుచున్నవి. అందుఁ గొన్ని నిషేధించినదానినే మఱికొన్ని యనుమతించుచున్నవి. విద్యార్థి యిరుపక్షముల మాటలను విని కలఁతపడుచున్నాఁడు. మన దేశమునఁ బోటీపరీక్షలలో ‘ఈ వాక్యమునందలి తప్పును గుర్తింపుము’ అను ప్రశ్నకు నుత్తరము వ్రాసి యుద్యోగమునకై వేచియుండువానికి ఈ కలఁత వట్టి వినోదము గాదు. ఒక్క మార్కు తక్కువయైన నొక సంవత్సరము వ్యర్థము గావచ్చును.

పాణినీయముఁ జదివినవానికి ఆంగ్లప్రయోగములతో నేమి పని యని కొందఱడుగవచ్చును. అమెరికా దేశీయుఁడగు బ్లూమ్‌ఫీల్డు పండితుఁడు 1933లోఁ బ్రకటించిన ‘లాంగ్వేజ్’ అను గ్రంథమునఁ బాణినిని మిక్కిలి కొనియాడి, పదరూపములను విడదీసి పరిశీలించు విద్యను ఐరోపావారు భారతీయవ్యాకరణమువలన నేర్చిరని చెప్పెను. కావున నా విద్యను వారి భాషయందలి వివాదములకుఁ జూపుట యనుచితము గాదు. ఏ ప్రశ్న భాషయొక్క లక్షణమునకు సంబంధించినది, ఏది వక్తయొక్క వివక్షకు సంబంధించినది, ఏది కేవలము సంప్రదాయము, ఏది యెవరో కల్పించిన నిషేధము అని విడదీయుట మన శాస్త్రమునఁ బ్రథమపాఠము. పైని జెప్పిన సందేహములు తీఱకుండుటకుఁ గారణము ఆంగ్లభాషయొక్క కాఠిన్యము గాదు. ఈ నాలుగు జాతుల ప్రశ్నలను ఒకే త్రాసున వేసి ‘తప్పా, ఒప్పా’ యని తూఁచుటయే. దీని నుదాహరణములతో నిరూపించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

లక్ష్యము ముందు, లక్షణము వెనుక. కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోయి కుండను జేయుమని కోరును గాని, మాట కావలసినవాఁడు వైయాకరణునింటికిఁ బోయి మాటలను జేయుమని కోరఁడని మహాభాష్యకారుఁడు ప్రథమాహ్నికముననే తెలిపియున్నాఁడు. లోకమున నున్న శబ్దములకు శాస్త్రము వ్యవస్థఁ గల్పించును, శబ్దములను సృష్టింపదు. ఆంగ్లభూమియందు ఈ క్రమము కొంతకాలము తలక్రిందయ్యెను. ఫ్రెంచివారికి 1635లో నేర్పడిన అకాడమి వంటి సభ ఆంగ్లేయులకు లేదు. అట్టిది కావలయునని 1712లో జొనాథన్ స్విఫ్టు ఒక లేఖను బ్రకటించెను గాని యది ఫలింపలేదు. ఆ లోటును వ్యక్తులు రచించిన గ్రంథములు పూరించినవి. 1761లో జోసెఫ్ ప్రీస్ట్లీ, 1762లో రాబర్టు లౌత్, 1795లో లిండ్లీ మరే వ్యాకరణములఁ బ్రకటించిరి. వీరిలోఁ బ్రీస్ట్లీ తరువాతఁ బ్రాణవాయుపరిశోధనముచేఁ బ్రసిద్ధుఁడైన శాస్త్రజ్ఞుఁడు. భాషావిషయమున వాడుకయే ప్రమాణమని యాతని పక్షము. లౌత్ హీబ్రూ కవిత్వమునఁ బండితుఁడు, పిదప లండనునకు బిషప్పయ్యెను. ఆతఁడు షేక్స్‌పియరు మొదలగు మహాకవుల వాక్యములను అధస్సూచికలలోఁ జూపి తప్పులు పట్టెను. శిష్టుల ప్రయోగమునుండి లక్షణమును దీయవలసినవాఁడు, లక్షణమును ముందుంచుకొని శిష్టులను శిక్షించెనన్నమాట. మరే వ్యాకరణము యార్కు పట్టణమునందలి యొక బాలికాపాఠశాలకై పుట్టి, లెక్కకు మిక్కిలి ముద్రణములు పొంది, లౌత్ సందేహించుచుఁ జెప్పినదానిని సహితము బడిపిల్లలకు విధిగా మార్చెను. ప్రీస్ట్లీ పక్షము వెనుకఁబడెను. బడులలో నెక్కువకాలము నిలుచునది సంక్షేపముగాఁ జెప్పఁబడిన నిషేధమే కదా!

ఇఁక నొక్కొక్క సందేహమునే పరీక్షింతము. వాక్యాంతమున ప్రిపోజిషను నిలుపరాదను నియమమునకు మూలమును వెదకితిమేని 1672 నాఁటి డ్రైడెన్ కవి కనఁబడుచున్నాఁడు. ఆతఁడు బెన్ జాన్సనుని నాటకమునందలి యొక వాక్యము ప్రిపోజిషనుతో ముగిసినదని తప్పుపట్టి, తన వ్రాఁతలలోఁగూడ నట్టి దోషము గలదనెను. తాను 1668లోఁ బ్రకటించిన నాటకవిమర్శనమును 1684లో మరల ముద్రించునపుడు అట్టి వాక్యములను దిద్దుకొనెను. నిషేధమునకుఁ గారణము మాత్రము చెప్పఁడు. తొంబది సంవత్సరముల తరువాత లౌత్, ఇట్టి ప్రయోగము సంభాషణయందును సామాన్యరచనయందును దగియున్నదనియు, గంభీరరచనయందు ప్రిపోజిషనును ముందునకుఁ దెచ్చుట మేలనియుఁ జెప్పి, ఆ మాట చెప్పు వాక్యమునే ప్రిపోజిషనుతో ముగించెను. ఇది శైలీభేదము, శబ్దదోషము గాదు. లౌత్ శైలీభేదముగాఁ జెప్పినది ఆతని యనంతరమున దోషమయ్యెను.

ఈ కల్పితనిషేధము మనవారికిఁ జేయు కీడు వేఱొకటి గలదు. ‘నేను నివసించు నిల్లు’ అని మనము చెప్పునపుడు సప్తమీవిభక్తి యెచ్చటను వినఁబడదు. క్రియాజన్యవిశేషణము దాని నర్థమున మ్రింగివేయును. ఆంగ్లేయుఁడు ‘ది హౌస్ ఐ లివ్ ఇన్’ అని యా విభక్త్యర్థమును వాక్యాంతమున నిలుపును. తెలుఁగు బాలుఁడు సహజముగా ‘ది హౌస్ ఐ లివ్’ అని ‘ఇన్’ను విడిచిపెట్టును. ఇదియే వానికిఁ గలుగు నిజమైన తప్పు. వాక్యాంతమున ప్రిపోజిషను నిలుపరాదని బోధించినచో నా తప్పునకు బలము చేకూర్చినట్లగును. ఆంగ్లేయుల చెవికి లేని రోగమునకు వారు మందు కల్పించుకొనిరి. ఆ మందే మన బాలునకు రోగమగుచున్నది.

రెండవది తుమున్నర్థకమును జీల్చుట. ‘టు’ అనుదానికిని ధాతువునకును నడుమ విశేషణపదమును బెట్టుట 14వ శతాబ్దినుండియుఁ గానవచ్చుచున్నది. దానిని నిందించుట 19వ శతాబ్దిలోఁ బుట్టినది. 1864లో ఆల్ఫర్డు ‘ది క్వీన్స్ ఇంగ్లీష్’ అను గ్రంథమున దీనిని నిరసించిన పిదప నిది ప్రచారమునకు వచ్చెను. లాటినున తుమున్నర్థకము ఏకపదమగుటచే దానిని జీల్చుట యసాధ్యమనియు, ఆంగ్లమునను నట్లే యుండవలయుననియుఁ గొందఱు సమర్థించిరి. సంస్కృతమునను ‘గంతుమ్’ అనునది యేకపదమే. తెలుఁగున ‘పోను’ అనునదియు నేకపదమే. కాని ఆంగ్లమున ‘టు’ ప్రత్యయము గాదు, ప్రత్యేకపదము. రెండు పదముల నడుమ మూఁడవపదము వచ్చుటను జీల్చుటయనుట యెట్లు?

ఈ సందర్భమునఁ బాణిని మార్గము స్మరింపఁదగినది. ఉపసర్గలు ధాతువునకు ముందు నిలుచునని ప్రథమాధ్యాయ చతుర్థపాదమున నాతఁడు చెప్పెను. ఛందస్సునందు ధాతువునకుఁ దరువాతఁ గూడ నిలుచుననియు, నడుమ నితరపదముల వ్యవధానము గూడ నుండవచ్చుననియు వెంటనే రెండు సూత్రములఁ జేర్చెను. వేదమంత్రములలో నుపసర్గ యొకచోటను ధాతువొకచోటను నుండుటను జూచి యాతఁడు మంత్రద్రష్టలను దప్పుపట్టలేదు. ఆ ప్రయోగమునకు విషయమును నిర్దేశించెను. ఆంగ్లవైయాకరణులు చేయవలసిన పని యిదియే. ‘హి డిసైడెడ్ క్విక్లీ టు రిటర్న్ ది బుక్’ అన్నచో శీఘ్రత నిశ్చయమునకా, తిరిగి యిచ్చుటకా యని తెలియదు. ‘టు క్విక్లీ రిటర్న్’ అన్నచో నన్వయము స్పష్టము. అర్థస్పష్టతకై వచ్చిన పదమును శాస్త్రము పేర వెడలఁగొట్టుట శాస్త్రమునకే యపకారము. 1926లో ‘మోడర్న్ ఇంగ్లీష్ యూసేజ్’ అను ప్రయోగనిఘంటువును రచించిన ఫౌలర్ ఈ విషయమున నాంగ్లభాషీయులను నైదు తెగలుగా విభజించి, చీలిక యననేమో యెఱుఁగకయే దానికి జంకువారిని బరిహసించి, తెలిసి వివేచించువారి పక్షమున నిలిచెను.

అట్టి ఫౌలరే మఱియొకచోట నొక క్రొత్తనియమమునకు నాందీకర్త యయ్యెను. వ్యావర్తకవిశేషణవాక్యమునకు ‘దట్’ అనియు, స్వరూపమును మాత్రము తెలుపు వాక్యమునకు ‘విచ్’ అనియు విభజించుకొనుట బాగుగా నుండునని యాతఁడు ప్రతిపాదించెను. పెక్కుమంది రచయితలుగాని యుత్తమరచయితలుగాని యట్లు వ్రాయుటలేదని తానే యొప్పుకొనెను. ఇది విధి గాదు, కోరిక. కాని 1918లో స్ట్రంకు రచించిన చిన్నపుస్తకమును 1959లో వైట్ పెంచి ప్రకటించినప్పుడు ఈ విభాగ మందుఁ జేరి, అమెరికా విద్యాలయములలో శాసనమువలె వ్యాపించెను. ‘వ్యావర్తకమునకు విచ్ తప్పు’ అని నేఁడు ఎఱ్ఱసిరాతో గీఁత గీయువారు ఒకానొకని కోరికను భాషాలక్షణముగా భ్రమించుచున్నారు. ఫౌలర్ గ్రంథము చదువఁదగినదే. ఆతని వివేచనశక్తి కొనియాడఁదగినది. ఐనను నాతఁడు వర్ణించునపు డొక గౌరవము, శాసించునపుడు వేఱొక గౌరవము ఇయ్యవలయును.

రెండు నిషేధముల ప్రశ్న వీనికంటె సూక్ష్మమైనది. రెండు నఞర్థములు కలసినచో విధి యర్థమిచ్చునని లౌత్ వ్యాకరణపు రెండవ ముద్రణమునఁ జేరినది. మన శాస్త్రమునను ఈ న్యాయము ప్రసిద్ధము. ‘లేకపోలేదు’ అన్నచో నున్నదనియే యర్థము. కావున మనకీ నియమము సహజముగాఁ దోఁచును. ఆంగ్లముననో, చాసరు నాఁడు నిషేధపదములు రెండు మూఁడు కలసియు నిషేధమునే దృఢపఱచుచుండెను. నేఁటికిని పెక్కు మాండలికములలో నట్లే యున్నది. ‘ఐ డిడ్న్ట్ సీ నథింగ్’ అన్నవాఁడు ఏదియో చూచితినని చెప్పుటలేదని వినువారందఱు నెఱుఁగుదురు. తర్కముచే నీ ప్రయోగము నసాధువనుట కుదురదు. అయినను శిష్టలేఖనమున నిది మూఁడు శతాబ్దులుగాఁ బరిత్యక్తమగుటచే విద్యార్థి దీనిని వర్జింపవలసినదే. వర్జనమునకుఁ గారణము సంప్రదాయమని చెప్పినచో నతఁడు మాండలికమును బలుకు కూలివానిని తర్కహీనుఁడని తృణీకరింపఁడు.

‘దే’ అను సర్వనామముచే నొక్క మనుష్యునిఁ జెప్పుట యిటీవలి వికారమని పలువురు తలంతురు. అది 14వ శతాబ్దినుండి గ్రంథస్థము. షేక్స్‌పియరును జేన్ ఆస్టినును నిట్లు వ్రాసిరి. స్త్రీపురుషులలో నెవరో తెలియనపుడు ‘హి’ యనుటయే యుక్తమని 18వ శతాబ్దిమధ్యమున ఆన్ ఫిషర్ అను నుపాధ్యాయిని తన వ్యాకరణమునఁ జెప్పెను. 1850లో బ్రిటిషు పార్లమెంటు, శాసనములలోని పుంలింగపదములు స్త్రీలకును వర్తించునని చట్టము చేసెను. మన శాస్త్రమునను స్త్రీపుంసవాచకములు గూడినపుడు పుంలింగము శేషించునని యేకశేషప్రకరణమునఁ గలదు గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. కాని పాణిని తన కాలమున శిష్టులు వాడుచుండినదానిని జెప్పెను. ఆంగ్లవైయాకరణులు వాడుకలో నున్న యొకదానిని ద్రోయుటకై మఱియొకదానిని విధించిరి.

బహువచనరూప మేకవ్యక్తికిఁ జెల్లదందురా, ‘యూ’ అనునది మొదట బహువచనమే. ఏకవచనమగు ‘థౌ’ లోపించి, ఒక్కనిఁ బిలుచునపుడును ‘యూ ఆర్’ అని బహువచనక్రియయే నిలిచెను. ఇది తెలుఁగువానికి వింత గాదు. మహద్వాచకైకవచనము పురుషులకే చెల్లును. స్త్రీవాచకములు ఏకవచనమున నమహత్తులతోఁ జేరి, బహువచనమున మహత్తులతోఁ గలిసి ‘వచ్చిరి’ యనిపించుకొనును. గౌరవమునకై యొక్కరినే ‘వారు వచ్చిరి’ యనుచున్నాము. వచ్చినవారు స్త్రీయో పురుషుఁడో యా వాక్యము చెప్పదు. అమెరికా మనోవిజ్ఞానసంఘమువారి లేఖనసూత్రములు 2019లో ‘దే’ యొక్క యేకవచనప్రయోగము నంగీకరించినవి. ఆ సంవత్సరమే మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువువా రా పదమును వత్సరపదముగాఁ బ్రకటించిరి. కావున దీనిని వ్యాకరణదోషమనుట కింక నాధారము లేదు. పరీక్షాపత్రములు మాత్రము ఈ మార్పును వెంటనే గ్రహింపవు గనుక, విద్యార్థి పరీక్షయందు బహువచనకర్తను గ్రహించి వాక్యమును మార్చి వ్రాయుట క్షేమము.

విరామచిహ్నముల ప్రశ్నలు వేఱుజాతివి. మన ప్రాచీనలిపియందు దండము దక్క నితరచిహ్నములు మిక్కిలి తక్కువ. విభక్తులును జకారాద్యవ్యయములును నన్వయమును దెలుపుచుండెను. ఆంగ్లమున విభక్తిరూపములు నశించుటచే పదక్రమమును జిహ్నములును ఆ పనిని జేయవలసివచ్చెను. ‘ది స్టూడెంట్స్ హూ పాస్డ్ వెంట్ హోమ్’ అన్నచో నుత్తీర్ణులు మాత్రము ఇండ్లకుఁ బోయిరి. ‘స్టూడెంట్స్’ తరువాతను ‘పాస్డ్’ తరువాతను గామాల నుంచినచో నందఱును ఉత్తీర్ణులైరి, అందఱును బోయిరి. మొదటిది వ్యావర్తకవిశేషణము, రెండవది స్వరూపకథనము. ఇచ్చటఁ దప్పొప్పుల ప్రశ్న లేదు. వివక్ష యేదియో దానికిఁ దగిన చిహ్న ముంచవలయును. త్వష్ట తన కుమారుఁడు ఇంద్రుని సంహరింపవలయునని హోమము చేయుచు, ‘ఇంద్రశత్రు’ శబ్దమున స్వరము తప్పుటచే తత్పురుషము బహువ్రీహిగా మాఱి, ఇంద్రుఁడే వృత్రునకు హంత యయ్యెనను కథ వైయాకరణులందఱు నెఱిఁగినదే. మనకు స్వరము చేసిన పనిని ఆంగ్లలేఖనమునఁ గామా చేయుచున్నది.

కడపటి ‘అండ్’, ‘ఆర్’ అనువానికి ముందుఁ గామా నుంచుట ఆక్స్‌ఫర్డు ముద్రణాలయమువారి సంప్రదాయము. వార్తాపత్రికలవారు సాధారణముగా దానిని మానుదురు. ఇది సంప్రదాయమే యైనను నొక్కొకచోట వివక్షను జెఱచును. అమెరికాయందలి మెయిన్ రాష్ట్రమున నధికకాలవేతనపు చట్టమునుండి మినహాయింపఁబడిన పనుల పట్టిక యొకటి గలదు. అందు ఆహారపదార్థములను డబ్బాలలోఁ బెట్టుట, ఎండఁబెట్టుట, నిలువచేయుట మొదలగువాని తరువాతఁ గడపట ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని యుండెను. ‘షిప్‌మెంట్’ తరువాతఁ గామా లేదు. ఓక్‌హర్స్ట్ డెయిరీ యను పాలసంస్థయందలి లారీచోదకులు వస్తువులను బంచుదురు గాని కట్టలు కట్టరు. పంచుట ప్రత్యేకముగా మినహాయింపఁబడిన పనియా, లేక పంచుటకై కట్టలు కట్టుట మాత్రమే మినహాయింపా? ‘ఆర్’ అనునది పట్టికయందలి తుదిపదమును జూపుచున్నది కాన పంచుట ప్రత్యేకమని సంస్థవారు వాదించిరి. తక్కిన పనులన్నియు ‘ఇంగ్’ ప్రత్యయాంతములు, ‘డిస్ట్రిబ్యూషన్’ అట్లుగాదు కాన నది ‘షిప్‌మెంట్’తో జతపడునని చోదకులు వాదించిరి. ఆ రాష్ట్రపు శాసనలేఖకుల సూత్రములే యట్టి కామాను వలదనుచుండుటచే దాని యభావము దేనికిని సాక్ష్యము గాకపోయెను. 2017 మార్చిలో నుపరిన్యాయస్థానమువారు వాక్యము సందిగ్ధమని నిర్ణయించి, శ్రామికుల మేలు గోరు చట్టమునకు వారికనుకూలమైన యర్థమే గ్రాహ్యమని తీర్పుచెప్పిరి. 2018లో సంస్థవారు 50 లక్షల డాలర్లకు రాజీపడిరి. శాసనసభవారు 2017లోనే యా పట్టికను సెమికోలనులతో మరల వ్రాసి, ‘డిస్ట్రిబ్యూషన్’ అనుదానిని ‘డిస్ట్రిబ్యూటింగ్’గా మార్చిరి. ‘ఆ కామా తప్పా, ఒప్పా’ అను ప్రశ్న కిచ్చట నర్థము లేదు. ‘ఈ వాక్యమును బరుఁడు రెండువిధముల నన్వయింపఁగలఁడా’ అనునదియే ప్రశ్న.

ఇట్లు విచారింపఁగా నొక విషయము స్పష్టమగుచున్నది. ఆంగ్లేయులు తమలోఁ దాము తగవులాడుకొను ప్రశ్నలు వేఱు. మనకు నిజముగా నవసరమగు ప్రశ్నలు వేఱు. ‘ఎ’, ‘ది’ అను నుపపదములను గూర్చి ఆంగ్లదేశీయుఁ డెవఁడును సందేహపడఁడు. అవి వానికిఁ దల్లిపాలతో వచ్చును. తెలుఁగున నవి లేవు. కావున మనవారి లేఖనమునఁ దఱచుగా లోపించునవి యవియే. ‘ఎ’, ‘ఎన్’ అనువాని భేదమునకు నెన్ని పట్టికలో కంఠపాఠము చేయింతురు. సంస్కృతము నెఱిఁగినవానికి నఞ్‌సమాసము చాలును: ‘అధర్మము’ అనునెడ హల్లునకు ముందు అకారమే, ‘అనర్థము’ అనునెడ నచ్చునకు ముందు నకారము వినఁబడును. ఆంగ్లమునను ఏకార్థకమగు ‘ఎన్’ అనునదే ప్రాచీనరూపము. హల్లునకు ముందు నకారము లోపించినది. ప్రమాణము ధ్వని, అక్షరము గాదు. కావుననే ‘ఎ యూనివర్సిటీ’, ‘ఎన్ అవర్’.

అట్లే ‘ఆ విషయమును గుఱించి చర్చించితిమి’ అను మన నుడికారమునుండి ‘డిస్కస్డ్ ఎబౌట్’ అనునది పుట్టుచున్నది. ‘నిన్న చూచియున్నాను’ అనుదానినుండి ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అనునది వచ్చుచున్నది. ఇవి నిషేధముల పట్టికలోఁ గనఁబడవు. మాతృభాషను ఆంగ్లముతోఁ బోల్చి చూచినప్పుడే కనఁబడును. మన పాఠశాలలలోఁ జాలకాలము ప్రచారమందిన నెస్‌ఫీల్డు వ్యాకరణముగాని, 1930 దశకమున వెలువడి నేఁటికిని విడువఁబడని రెన్-మార్టినుల గ్రంథముగాని తెలుఁగువానిని దృష్టియందుంచుకొని వ్రాయఁబడినవి గావు. తెలుఁగువాక్యము నొకప్రక్కను, ఆంగ్లవాక్యము నొకప్రక్కను నిలిపి భేదమును జూపు వ్యాకరణము బడికొక్కటియైనను మన యుపాధ్యాయులకు లభింపవలయును.

ఇచ్చట నొక పూర్వపక్షము. వాడుకయే ప్రమాణమైనచో ‘డిస్కస్ ఎబౌట్’ అనునదియు లక్షలమంది భారతీయులు వాడుచున్నదే. అది యేల సాధువు గారాదు? వ్యాకరణమునకుఁ బనియేమి మిగిలెను? దీనికి సమాధానము మన శాస్త్రమునఁ బ్రాచీనమైనదే. అర్థబోధ సాధుశబ్దముచేతను నపశబ్దముచేతను సమానముగానే కలుగుననియు, అయినను శాస్త్రము సాధుశబ్దముననే నియమము చేయుచున్నదనియు మహాభాష్యకారుఁ డంగీకరించెను. వాడుక యనఁగా నెవఁడైన నెప్పుడైనఁ బలికినది గాదు, శిష్టుల వాడుక. ఆంగ్లమునకు శిష్టులెవ్వరు? శ్రద్ధతో వ్రాసి, పరిష్కరింపఁబడి, ప్రకటింపఁబడిన రచనల సమూహమే. 1985లో క్వర్కు మొదలగువారును, 2002లో హడిల్‌స్టన్, పులం ప్రభృతులును ప్రకటించిన బృహద్వ్యాకరణము లట్టి లక్ష్యసామగ్రిని బరిశీలించియే రచింపఁబడినవి. భారతీయశిష్టలేఖనమున స్థిరపడినది క్రమముగా సాధువగును. ‘ప్రీపోన్’ అను మనవారి పదము ఆక్స్‌ఫర్డు నిఘంటువుల కెక్కినది. ‘డిస్కస్ ఎబౌట్’ అనునది మన పరిష్కృతరచనలలో నింకను నెలవు గొనలేదు. కావున నేఁడది వర్జ్యము. రేపటి సంగతి రేపటి వైయాకరణుఁడు చూచుకొనును.

ఈ విమర్శము మన యింటికిని వర్తించును. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) కావ్యభాషకు లక్షణముగాఁ బరమాద్భుతమైనది. దానిని సర్వలేఖనమునకు విధిగాఁ జేసి, లేఖలకును వార్తలకును సహితము వర్తింపఁజేయఁబోయినప్పుడే 1910 దశకమునందలి గ్రాంథికవ్యావహారిక వివాదము పెరిగినది. లౌత్ గ్రంథమునకు మరే చేసినదే సూరి గ్రంథమునకు మనవారు చేసిరి. నేనీ వ్యాసమును గ్రాంథికముననే వ్రాయుచున్నాను. ఇది నేను జదువుకొన్న సంప్రదాయము, ఇతరులకు విధి గాదు.

ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటి. విద్యార్థి ‘ఇది తప్పా, ఒప్పా’ యని యడిగినపుడు వెంటనే తీర్పు చెప్పక, నాలుగు ప్రశ్నలను వానితోఁ గలిసి పరీక్షింపుఁడు. ఆంగ్లభాషీయుఁ డెవఁడైన నిట్లు పలుకునా? పలుకఁడేని యది లక్షణవిరుద్ధము, దిద్దవలసినదే. పలికిన, దానికిని రెండవరూపమునకును నర్థభేదము గలదా? కలదేని వివక్షను బట్టి నిర్ణయింపుఁడు. అర్థభేదము లేదేని యే వర్గమువారు, ఏ సందర్భమున నేది వ్రాయుదురు? అది సంప్రదాయము, సందర్భమును బట్టి యనుసరింపుఁడు. ఈ మూఁటిలో నేదియుఁ గాక, ఒక పుస్తకమున నున్నదను కారణమే మిగిలినచో, ఆ పుస్తకమునకు ముందు ఉత్తములు రెండువందలయేండ్లు ఎట్లు వ్రాసిరో చూడుఁడు. అట్లు చూచిన పిదప విద్యార్థి పత్రముపైఁ బెట్టిన యెఱ్ఱగీఁతలలోఁ జాలభాగము తొలఁగిపోవును. మిగిలినవి ‘ఎ’, ‘ది’, ‘హావ్’, ‘ఇన్’ అను చిన్నమాటల చుట్టును జేరును. మన బోధనశ్రమ యంతయు నచ్చట వ్యయము గావలయును.